టెక్ సందేహాలు: నా 400 ఎంబీ ఎవరు మింగారు?

ప్రశ్న: 8 జీబీ ర్యామ్ అంటే నమ్మి విజయవాడలో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాను. ఉబుంటులో 7.6 చూపిస్తోంది. ఫ్రెండ్ మాట విని, ఉబుంటు కంటే ముందు నడిచే బూట్ ప్రోగ్రామ్ గ్రబ్‌లో ఎల్ఎస్ఎమ్‌మ్యాప్ కమాండ్ కొడితే ‘రిజర్వ్‌డ్’ అంటూ బోలెడు లైన్లు వచ్చి, చదివేలోపే పైకి వెళ్లిపోయాయి. మోసపోయానా సార్?
– ఒక విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

లేదు, టెన్షన్ వద్దు. మీ ఊరి చుట్టుపక్కల వేసే వెంచర్ల లేఅవుట్ ప్లాన్లు చూసే ఉంటారు. పొలమంతా ప్లాట్లు కాదు కదా, రోడ్లకీ పార్కుకీ కొంత వదలాలి. మెమరీకీ అలాంటి ప్లాన్ ఉంది. మెషీన్ ఆన్ కాగానే ఏ ముక్క ఎవరిదో, బోర్డు చిప్‌లో ఉండే తొలి ప్రోగ్రామ్ అయిన ఫర్మ్‌వేర్ పట్టిక రాసి పెడుతుంది. బయోస్ అనే పాత రకం ఫర్మ్‌వేర్ ఉన్న మెషీన్లలో దీని పేరు ఈ820. గ్రబ్ ఆ పట్టికనే మీకు చదివి వినిపించింది.

మళ్లీ చూడండి. గ్రబ్ మెనూలో ‘సి’ నొక్కి, ముందు ‘సెట్ పేజర్=1’ ఇవ్వండి. స్క్రీన్ నిండగానే ఆగుతుంది. (ఇది తెలియని రోజుల్లో నేను ఫోన్‌తో వీడియో తీసి, ఆపి ఆపి చదువుకునేవాణ్ని.) బయోస్ మెషీన్లలో మొదటి లైన్ పొడవు తరచుగా 9ఎఫ్‌సీ00 అని ఉంటుంది. ఈ అంకెలు పదికి బదులు పదహారుతో లెక్కించే హెక్స్‌లో ఉంటాయి. మామూలు లెక్కలో అది 639 కేబీ. ఆ పైన 1 ఎంబీ దాకా వీడియోకీ బయోస్‌కీ వదిలిన చోటు. 1980ల నాటి పీసీల అలవాటు, ఇప్పటికీ పోలేదు.

‘అవైలబుల్’ అన్న లైన్లనే కూడండి. రిజర్వ్‌డ్ లైన్లన్నీ ర్యామ్ కావు. కొన్ని పీసీఐ పరికరాలకూ (గ్రాఫిక్స్, నెట్‌వర్క్ కార్డుల్లాంటివి) బయోస్ చిప్‌కూ ఇచ్చిన అడ్రస్‌లు మాత్రమే. వాటి కోసం 4 జీబీకి కాస్త దిగువన చోటు వదలాలి కాబట్టి, అక్కడ ఉండాల్సిన ర్యామ్‌ని 4 జీబీ పైకి జరుపుతారు. హెక్స్‌లో 1 పక్కన ఎనిమిది సున్నాలతో మొదలయ్యే పెద్ద లైన్ అదే. మీ 400 ఎంబీ తరుగులో గ్రాఫిక్స్ వాటా, ఉబుంటుకి గుండెకాయ లాంటి లినక్స్ కెర్నెల్ వాటా ఉన్నాయి. మొత్తం 4 దగ్గరే ఆగిపోయి ఉంటే మాత్రం షాపుకి వెళ్లి గట్టిగా అడగమనేవాణ్ని.

ప్రశ్న: ప్రాజెక్టు కోసం తీసుకున్న చిన్న కంప్యూటర్ బోర్డు బీగల్‌బోన్ బ్లాక్‌లో గ్రబ్ లేదు. ర్యామ్ ఎంతుందో ఎలా చూడాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

అందులో ఉండేది యూ-బూట్, గ్రబ్ లాంటి బూట్ ప్రోగ్రామే. 3.3 వోల్టుల సీరియల్ కేబుల్ పెట్టి (5 వోల్టులది వద్దు, బోర్డు పోతుంది), స్పీడు 115200కి సెట్ చేసి, కౌంట్‌డౌన్ నడుస్తుండగా స్పేస్ కీ నొక్కండి. ప్రాంప్ట్ వచ్చాక ‘బీడీఇన్ఫో’ కొట్టండి. డీర్యామ్ (అంటే ర్యామే) మొదలు 80000000, సైజు 20000000 అని (ఇవీ హెక్స్ అంకెలే) ఉంటే మీ 512 ఎంబీ భద్రంగా ఉన్నట్టే.