జతకట్టని మ్యూటెంట్లను కలపడం ఎలా?
గామీట్లు (లైంగిక కణాలు) ఏర్పడని ఫిస్కోమిట్రెల్లా మాస్ (ఒక రకం నాచుమొక్క) మ్యూటెంట్లనీ, అంటే జీన్ మారిన రకాలనీ, ఒకే మేటింగ్ టైపు (జతకట్టే రకం) ఈస్టులనీ మామూలుగా క్రాస్ చేయలేం. కణకవచం తీసేస్తే ఆ అడ్డు ఉండదు. కవచాన్ని కరిగించే ఎంజైమ్‌లు: మాస్‌కి సుమారు 8 శాతం మానిటాల్‌లో డ్రైసలేజ్; ఈస్టుకి 1.2 మోలార్ సార్బిటాల్‌లో జైమోలియేజ్. మానిటాల్, సార్బిటాల్ కణాలు పగలకుండా కాపాడతాయి. కవచం పోయిన కణాలు గుండ్రంగా మారతాయి, నీటిలో వేస్తే పగిలిపోతాయి. కవచం పోయిందో లేదో తెలిపే పరీక్ష అదే. ఎంజైమ్‌లో ఎక్కువసేపు ఉంచితే మాత్రం మళ్లీ కవచం కట్టుకోలేవు. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే.

తర్వాత కాల్షియం క్లోరైడ్ కలిపిన 30 శాతం పీఈజీ (పాలీఇథిలీన్ గ్లైకాల్)తో కణాలను అతికించాలి. చెరో విటమిన్ లేనిదే పెరగని మ్యూటెంట్లను ఎంచుకుంటే, ఆ రెండూ లేని మీడియంపై హైబ్రిడ్లే మిగులుతాయి. మీడియంలోనూ సార్బిటాల్ లేదా మానిటాల్ ఉండాలి. పేరెంట్లను విడిగా కూడా పరచండి, లేదంటే రివర్టెంట్‌నే (మ్యుటేషన్ పోయి మళ్లీ మామూలైన పేరెంట్‌నే) హైబ్రిడ్ అనుకుంటారు. డిప్లాయిడ్ (రెండు జతల క్రోమోజోములున్న) మాస్ హైబ్రిడ్ మామూలు మొక్కలా ఉంటే, రెండు మ్యుటేషన్లూ రిసెసివ్ (మామూలు జీన్ పక్కన ఉంటే బయటపడనివి), వేర్వేరు జీన్లలోవి.