గానుగ నూనె షాపుకు ఏ ఆన్‌లైన్ ట్రైనింగ్ ముందు? – సమాధానం

అన్నా, అనంతపురంలో గానుగ నూనె షాపు నడుపుతా డిజిటల్ మార్కెటింగ్, ఎక్స్‌పోర్ట్, జీఎస్టీ మూడు ట్రైనింగులూ ఒకేసారి చేరాలా అని అడిగినావు కదా, వద్దన్నా, షాపు ఎవరు చూస్తారు? రోజూ యా పనికి వేరేవాళ్ల మీద ఆధారపడతాండావో అదే ముందు నేర్చుకో. బిల్లులు, రిటర్న్‌లే తలనొప్పి అన్నావు కాబట్టి జీఎస్టీనే ఫస్ట్. అయితే క్లాస్ ఎప్పుడు రికార్డు చేసిందో కచ్చితంగా అడుగు, ఎందుకంటే 2025 సెప్టెంబర్ 22 నుంచి చానా వస్తువుల జీఎస్టీ రేట్లు మారిపోయినాయి, అంతకుముందు వీడియోల్లో పాత పన్ను స్లాబులే ఉంటాయి, అవి నేర్చుకుంటే నష్టమే.

మార్కెటింగ్‌కు ఇప్పుడే డబ్బులు కట్టొద్దు, గూగుల్ వాళ్ల ట్రైనింగ్ సైట్ స్కిల్‌షాప్, ఫేస్‌బుక్ కంపెనీ మెటా వాళ్ల ట్రైనింగ్ సైట్ బ్లూప్రింట్‌లో ఫ్రీగానే కోర్సులుండాయి, ఇంగ్లీష్ కష్టమైతే ఇంట్లో పిల్లోళ్లను పక్కన కూర్చోబెట్టుకో.

99 రూపాయల వెబినార్ (ఆన్‌లైన్ క్లాస్) పెట్టి చివర్లో ఈ రాత్రికే ఆఫర్ అయిపోతాది అని వేలకు వేలు అడిగేవాళ్లుంటారు, వాళ్లకు మాత్రం వెంటనే డబ్బులు కట్టకుండా ఆగన్నా. చెప్పేమనిషి ఎప్పుడన్నా సరుకు అమ్మినాడా, లేక కోర్సులే అమ్ముతాండాడా చూడు, రీఫండ్ షరతులు రాతలో తీసుకో. సర్టిఫికెట్ చూసి నీ దగ్గర ఎవురూ నూనె కొనరు, దాని కోసం ఎక్కువ కట్టొద్దు.

ఎక్స్‌పోర్ట్ సంగతి బయట ఊర్ల నుంచి ఆర్డర్లు మొదలైనాక చూసుకోవచ్చులే.