సముద్రం దగ్గరే ఉన్నా మే నెలలో విజయవాడ హైదరాబాద్ కంటే ఎందుకు కాగిపోతుంది?

రెండు ఊళ్ల మధ్య అక్షాంశంలో తేడా ఒక డిగ్రీ లోపే, పైగా మనకు బందరు సముద్రం 60, 70 కిలోమీటర్లే. కాబట్టి మీ అనుమానం సబబే. నేను పెరిగింది విజయవాడలో మొగల్రాజపురం కొండ కింద, ఉద్యోగం కొన్నేళ్లు హైదరాబాద్‌లో. రోహిణి కార్తె రెండుచోట్లా అనుభవించాను.

అందరూ ముందు ఎత్తు సంగతే చెబుతారు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, మనం దాదాపు సముద్రమట్టంలోనే ఉన్నాం. ఎండ ముందు నేలను కాలుస్తుంది, నేల గాలిని కాస్తుంది. ఆ గాలి పైకి పోయేకొద్దీ ఒత్తిడి తగ్గి, విచ్చుకుని చల్లబడుతుంది. సగటున కిలోమీటరుకు 6.5 డిగ్రీలు. ఆ లెక్కన మనకూ వాళ్లకూ తేడా మూడు డిగ్రీలు. (కొండెక్కితే సూర్యుడికి దగ్గరవుతాం కదా అంటాడు మా మేనల్లుడు. 15 కోట్ల కిలోమీటర్లలో ఇంద్రకీలాద్రి ఎంతరా!)

నన్నడిగితే అసలు దోషి పడమటి గాలి. దక్కన్ పీఠభూమి మీద కాగిన పొడిగాలి మే నెలలో కోస్తాకు దిగుతుంది. దిగేటప్పుడు నొక్కుకుపోయి, 100 మీటర్లకు ఇంచుమించు ఒక డిగ్రీ చొప్పున ఇంకా వేడెక్కుతుంది. హైదరాబాద్‌ను కాపాడిన ఎత్తే మన నెత్తిన కుంపటి పెడుతుందన్నమాట.

మరి సముద్రం ఏం చేస్తోందంటారా? బందరులో మా అక్కావాళ్లింటికి సముద్రపు గాలి మధ్యాహ్నానికే అందుతుంది. మనదాకా వచ్చేసరికి సాయంత్రం. పడమటి గాలి జోరుగా ఉన్నరోజు అసలు రానే రాదు, వడగాడ్పులు కొట్టేది అప్పుడే. పల్నాడులో రెంటచింతల సముద్రానికి ఇంకా దూరం, అందుకే వేసవిలో దాని పేరు తరచూ పేపర్లో కనిపిస్తుంది.

గాలి వచ్చినా సుఖం అంతంతే. వేడి తగ్గుతుంది, ఉక్కపోత మొదలవుతుంది. గాల్లో తేమ ఉంటే రాత్రి నేల త్వరగా చల్లారదు. హైదరాబాద్‌లో డాబా మీద పడుకుంటే తెల్లవారుజాముకు హాయిగా ఉండేది, ఇక్కడ దిండు తడిసిపోతుంది.

ఎత్తుకు పోతే చల్లదనం అనగానే మన్యంలోని లంబసింగి గుర్తొస్తుంది. దాని చలికి మాత్రం 1000 మీటర్ల ఎత్తు ఒక్కటే కారణం కాదు. డిసెంబరు రాత్రుళ్లు ఆకాశం నిర్మలంగా ఉంటే చల్లగాలి బరువెక్కి చుట్టూ కొండల మీంచి జారి లోయలో చేరుతుంది.

మేలో బయట పని పెట్టుకుంటే ఫోన్లో డిగ్రీలతో పాటు గాలి దిక్కు కూడా చూడండి. పడమర, వాయవ్యం చూపిస్తే పొద్దున పదిలోపే ముగించుకోండి.