ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ళను కొడితే ఏ చట్టం ఆదుకుంటుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: చెన్నై సెంట్రల్ దగ్గర ఫుట్‌పాత్ మీద పడుకునే ఒక తెలుగు ముసలాయన్ని తాగిన కుర్రాళ్ళు కొట్టారు, పోలీస్ స్టేషన్‌కు వెళ్తే అడ్రస్ లేదని తిప్పి పంపారు. ఇల్లు లేనివాళ్ళ మీద ద్వేషంతో చేసే దాడులకు ప్రత్యేక చట్టం ఉందా అని అడిగారు.

ప్రత్యేక చట్టం లేదు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దగ్గరగా వచ్చేవి 103(2), 117(4) సెక్షన్లు. కులం, భాష, పుట్టిన ఊరు లాంటి కారణాలతో ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది కలిసి ఒకరిని చంపితే మొదటిది, తీవ్రంగా గాయపరిస్తే రెండోది. "అలాంటి మరే ఇతర కారణం" అని కూడా ఉంది కాబట్టి ఇల్లు లేకపోవడాన్ని అందులోకి తేవచ్చని లాయరు వాదించొచ్చు. కానీ అర్ధరాత్రి ఫుట్‌పాత్ మీదికి వచ్చేది ఎక్కువగా ఇద్దరో ముగ్గురో. అమెరికాలో మేరీల్యాండ్ 2009లో, ఫ్లోరిడా 2010లో తమ ద్వేష నేరాల చట్టాల్లో ఇల్లు లేనివాళ్ళను పేరుపెట్టి చేర్చాయి. మన దగ్గర 2011 జనాభా లెక్కల్లోనే 17.7 లక్షల మందికి పైగా ఇల్లు లేనివాళ్ళు తేలారు. వాళ్ళ పేరు చట్టంలో ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం.

అంతవరకు ఉన్న సెక్షన్లే దిక్కు. వాటిలో ఏది పడుతుందన్నది మొదటి రాత్రి కాగితం మీద ఏం రాశారన్న దాన్ని బట్టే ఉంటుంది. ఇది నేను దగ్గరుండి చూశాను.

నేను చెన్నైలోని సౌకార్‌పేటలో ఉంటాను. అక్కడ మూటలు మోసే మా నెల్లూరు వైపు పెద్దాయన ఒకాయన వాల్టాక్స్ రోడ్డులో పడుకునేవాడు. పోయినేడాది ఒక రాత్రి ఇద్దరు కుర్రాళ్ళు బూతులు తిడుతూ నిద్రలేపి, పగిలిన సీసాతో కుడి అరచేతి మీద కోశారు. పొద్దున నేను వెళ్ళేసరికి చేతికి గోనెసంచి ముక్క చుట్టుకుని కూర్చున్నాడు. "ఇల్లే లేదు నాయనా, నా కేసు ఎవరు రాసుకుంటారు?" అన్నాడు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ రాసే యాక్సిడెంట్ రిజిస్టర్ కాపీ, అందరూ ఏఆర్ కాపీ అంటారే, అదే కేసుకు ప్రాణం. ఆయన భయపడి కిందపడ్డానని చెప్పబోయాడు. పక్కనుండి ధైర్యం చెప్పాక జరిగింది జరిగినట్టు డాక్టరుకు చెప్పాడు. "ముక్కూముఖం తెలియని ఇద్దరు పగిలిన సీసాతో కోశారు" అని కాపీలో పడింది.

ఆ ఒక్క ముక్క ఎందుకంత ముఖ్యమంటే, వట్టి చేతులతో కొట్టి మామూలు దెబ్బ తగిలితే 115(2). దానికి మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. కోసే ఆయుధంతో చేస్తే 118(1), అప్పుడు ఆ ఉత్తర్వు లేకుండానే పోలీసులు ఎఫ్ఐఆర్ రాసి దర్యాప్తు చేయొచ్చు, శిక్ష మూడేళ్ళ దాకా. ఇంకోటి చాలామందికి తెలియదు: ఎముక గానీ పన్ను గానీ విరిగినా, 15 రోజులు తన మామూలు పని చేసుకోలేకపోయినా చట్టం దాన్ని తీవ్ర గాయం అంటుంది. మా పెద్దాయన మూట లాగే కొక్కెం పట్టుకోవడానికి కూడా వేళ్ళు ముడవలేకపోయాడు. ఆ సంగతి మళ్ళీ డాక్టరుతో రాయించాం. ఆయుధంతో తీవ్ర గాయమైతే 118(2), యావజ్జీవం దాకా పడొచ్చు.

స్టేషన్‌లో మాకు ముందు సీఎస్ఆర్ రసీదు, అంటే ఫిర్యాదు అందిందని ఇచ్చే కాగితం, ఇచ్చి పంపారు. తమిళనాడులో అందరికీ తెలిసిన కాగితమే గానీ అది ఎఫ్ఐఆర్ కాదు. పోలీసులు నేరుగా దర్యాప్తు చేయగల ఇలాంటి నేరం గురించి చెబితే ఎఫ్ఐఆర్ రాసి తీరాలని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో చెప్పింది. అడ్రస్ ఉంటేనే రాయాలని ఏ సెక్షనూ అనదు. నోటితో చెప్పినా రాసుకుని చదివి వినిపించాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. వేరే స్టేషన్ పరిధి అని కూడా తిప్పి పంపకూడదు. రాయకపోతే, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173(4) కింద ఎస్పీకి, చెన్నైలోనైతే డిప్యూటీ కమిషనర్‌కు (డీసీ), రాతపూర్వకంగా పోస్టులో పంపాలి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళొచ్చు. మేం రిజిస్టర్డ్ పోస్టు పంపాక ఎఫ్ఐఆర్ అయింది. కేసు ఇంకా నడుస్తోంది. ప్రతి వాయిదాకూ కూలి పోతుందని పెద్దాయన బాధ. అందుకే పక్కన మనిషి తోడు ఉండాలి.

దెబ్బ తిన్న మనిషికి మతిస్థిమితం లేకపోయినా, వైకల్యం ఉన్నా 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 92 కూడా అడగండి. అవమానించాలని చేయిచేసుకుంటే కనీసం ఆరు నెలల శిక్ష. ఎస్సీ, ఎస్టీ అయితే అట్రాసిటీ చట్టం సంగతి లాయరుతో మాట్లాడండి. లాయరు ఖర్చుకు జంకొద్దు. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా, మిగతావాళ్ళకు ఆదాయాన్ని బట్టి ఉచిత న్యాయ సహాయం ఉంది. హెల్ప్‌లైన్ 15100, రాష్ట్ర ఆఫీసు హైకోర్టు ఆవరణలోనే.

మీరు చెప్పినాయనకు ఏఆర్ కాపీ లేకపోతే ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. గాయం మానకముందే రాయించాలి. కొట్టేటప్పుడు వాళ్ళు అన్న మాటలు ఆయనకు గుర్తున్నవి గుర్తున్నట్టు కంప్లైంట్‌లో పెట్టించండి. దగ్గర్లోని షాపుల కెమెరా రికార్డింగ్ చెరిగిపోకముందే భద్రపరచమని అదే కంప్లైంట్‌లో అడగండి.