సోలార్ పెట్టిస్తే గీజరు పాడవుతుందా?

ఇంటిపైన 3 కిలోవాట్ల సోలార్ పెట్టిస్తే గీజరు కాలిపోతుందని మీ పక్కింటివారు చెప్పారని రాశారు. ఒంగోలులో మా ఇంట్లోనూ ఇదే అనుమానం వచ్చింది.

ప్యానెళ్లు బిగించిన మూడో నెల నుంచి గీజరు వేసినప్పుడల్లా ఈఎల్‌సీబీ (కరెంటు ఎర్తుకు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) పడిపోయేది. అందరమూ సోలార్‌నే తప్పుపట్టాము. మెకానిక్ వచ్చి నీళ్లు కాచే ఎలిమెంటును బయటికి లాగితే, దాని చుట్టూ బోరునీటి ఉప్పు వేలు మందాన గట్టిపడి ఉంది; స్క్రూడ్రైవరుతో ఆ పెచ్చు రాల్చాక వంపు దగ్గర గొట్టం పగిలి కనిపించింది. వేడి బయటి నీటిలోకి పోయే దారి లేక ఎలిమెంటు లోలోపలే మాడి, పగులులోంచి నీరు చేరి, కరెంటు ఎర్తుకు పోతోందన్నమాట. ఆరేళ్లుగా ఒక్కసారి కూడా శుభ్రం చేయించని గీజరు అది. ప్యానెళ్లు లేకపోయినా దానికి అదే గతి పట్టేది.

గ్రిడ్డుకు, అంటే వీధి కరెంటు లైనుకు కలిపిన సోలార్‌లో, ప్యానెళ్ల డీసీ కరెంటును ఏసీగా మార్చే ఇన్వర్టరు ఇచ్చేది స్తంభం మీది నుంచి వచ్చేలాంటి ఏసీ కరెంటే. అయితే మిట్టమధ్యాహ్నం మిగులు కరెంటు లైనులోకి వెళ్తున్నప్పుడు ఇంట్లో వోల్టేజీ కొంత పెరుగుతుంది. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లు తీసుకునే గీజరు 250 దగ్గర సుమారు 2360 వాట్లు తీసుకుంటుంది. నీళ్లు త్వరగా కాగి థర్మోస్టాట్ ముందే ఆపేస్తుంది కాబట్టి దానితో భయం లేదు. 260 దాటి కనిపిస్తే మాత్రం గీజరు ఆపి, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) జాయింట్లను ఎలక్ట్రీషియనుకు వెంటనే చూపించండి.

నేను నిజంగా భయపడింది మా బావమరిది తోటలో. ఇన్వర్టరు ఖర్చు మిగులుతుందని ఒక మెకానిక్ నాలుగు ప్యానెళ్ల డీసీ కరెంటును నేరుగా గీజరుకు ఇచ్చాడు. ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కనుక థర్మోస్టాట్ తెరుచుకోగానే నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీలో అది ఆరకుండా కాలుతూ థర్మోస్టాట్ కాంటాక్టులను (కలిసి విడిపోయే లోహపు ముక్కలను) అతికించేస్తుంది. అక్కడ సరిగ్గా అలాగే అతుక్కుపోయాయి. మేము వెళ్లేసరికి నీళ్లు కుతకుతలాడుతూ సేఫ్టీ వాల్వులోంచి ఆవిరి బుసకొడుతోంది. నీళ్లు మరీ వేడెక్కితే కరెంటు ఆపేందుకు అదనపు రక్షణకని ఉండే కటౌటు కూడా కాంటాక్టులతో పనిచేసేదే కాబట్టి దాన్నీ నమ్మడానికి లేదు. మీకు ఎవరైనా ఇలా నేరుగా వైర్లు కలుపుతామంటే, దయచేసి ఒప్పుకోకండి.