పెద్దపేగు క్యాన్సర్ వైరస్ వల్ల అంటుకుంటుందా?

మీ నాన్నగారికి పెద్దపేగు క్యాన్సర్ అని తేలిందనీ, దానికి వైరస్ కారణమని ఎక్కడో చదివి పిల్లల్ని ఆయన దగ్గరికి పంపడం లేదనీ రాశారు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. ఈ క్యాన్సర్ ఒకరి నుంచి ఒకరికి అంటదు. పిల్లల్ని ఈరోజే ఆయన పక్కన కూర్చోబెట్టండి, ఆయనకి ఇప్పుడు అది చాలా అవసరం.

మీరు చదివింది పూర్తిగా కల్పన కాదు. కొన్ని పరిశోధనల్లో పేగు కణితుల్లో హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్), జేసీ వైరస్, సైటోమెగాలో వైరస్‌ల డీఎన్ఏ కనిపించింది, మరికొన్నిటిలో కనిపించలేదు. కనిపించినంత మాత్రాన అదే కారణమని కాదు. కణితి పుట్టాక చేరి ఉండొచ్చు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ సంగతి వేరు. దానికి హెచ్‌పీవీ కారణమని కనుగొన్నందుకు జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ వచ్చింది. మలద్వార క్యాన్సర్‌లోనూ ఎక్కువ భాగం దానివల్లే. దీన్నే చాలామంది పెద్దపేగు క్యాన్సర్‌తో కలిపేస్తారు.

మీరు నిజంగా పట్టించుకోవాల్సింది వంశపారంపర్యం. మీకూ, మీ తోబుట్టువులకూ కొలనోస్కోపీ (కెమెరా ఉన్న సన్నని గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) ఎప్పుడు చేయించాలో డాక్టర్‌ని అడగండి. సాధారణంగా 40 ఏళ్లకి, లేదా నాన్నగారికి జబ్బు బయటపడిన వయసుకి 10 ఏళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు. పాలిప్స్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న బుడిపెలు) కనిపిస్తే చాలావరకు ఆ పరీక్షలోనే తీసేస్తారు.