మీ మొదటి వాక్యం గురించి

మిత్రమా,

మీరు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం మీకు లొంగుతుంది, సందేహం లేదు. అయితే నా పెన్సిల్ మొదటి వాక్యం దగ్గరే ఆగింది. "స్కిజోఫ్రీనియాను కలిగించే జన్యువును శాస్త్రజ్ఞులు కనుగొన్నారు" అని మొదలుపెట్టారు. స్కిజోఫ్రీనియా అంటే లేనివి వినిపించడం, భ్రమలు వంటి లక్షణాలుండే తీవ్ర మానసిక వ్యాధి. "కలిగించే" అన్న మాటా, "జన్యువును" అన్న ఏకవచనమూ రెండూ నిలవవు. 2022లో నేచర్ పత్రిక ప్రచురించిన అధ్యయనంలో 76 వేలకు పైగా రోగుల డీఎన్‌ఏను, ఆ వ్యాధి లేని 2 లక్షల 43 వేల మంది డీఎన్‌ఏతో పోల్చి చూస్తే, వ్యాధితో సంబంధం ఉన్న ప్రదేశాలు డీఎన్‌ఏలో 287 తేలాయి. వాటిలో ఒక్కొక్కటీ పెంచే ముప్పు బహుస్వల్పం; అవే మార్పులు ఏ జబ్బూ లేనివాళ్లలోనూ కనిపిస్తాయి.

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సీ4 జన్యువు దగ్గర నిజానికి మీరు ఆగవలసింది. ఆరో క్రోమోజోమ్ మీద ఉండే ఈ జన్యువు తయారుచేసే ప్రోటీన్, శరీరంలో తొలగించవలసిన వాటికి గుర్తు పెట్టే రక్షణ వ్యవస్థలో భాగం. దీని ఏయే రూపాలు ఎన్నెన్ని ప్రతులుగా ఉన్నాయన్న దాన్నిబట్టి వ్యాధి ముప్పు మారుతుందనీ, మరణించిన రోగుల మెదడు కణజాలంలో దీని చురుకుదనం ఎక్కువగా ఉందనీ, ఈ జన్యువు తీసేసిన ఎలుకపిల్లల్లో నాడీకణాల మధ్య సంధుల కత్తిరింపు తగ్గిందనీ 2016లో చూపారు. మనిషి మెదడులో ఆ కత్తిరింపు కౌమారంలో బాగా సాగుతుంది. వ్యాధి బయటపడేది కూడా సాధారణంగా ఆ చివరి ఏళ్లలోనో యౌవనారంభంలోనో. కత్తిరింపు మితిమీరడమే వ్యాధి అన్నట్టు ఇంత చక్కగా అమరిన కథ దొరికినప్పుడే రచయిత చెయ్యి జారుతుంది. ఎలుకలో చూసినది ఏది, మరణానంతర కణజాలంలో కొలిచినది ఏది, ఊహించి కలిపినది ఏది అన్నది మీ క్రియాపదాల్లోనే పాఠకుడికి తెలియాలి.

ఈ జాగ్రత్త నాకు పుట్టుకతో రాలేదు. 1987లో అమెరికాలోని ఆమిష్ అనే క్రైస్తవ వర్గపు కుటుంబాల్లో, ఉన్మాదమూ కుంగుబాటూ మార్చి మార్చి వచ్చే బైపోలార్ డిజార్డర్‌కు పదకొండో క్రోమోజోమ్‌తో ముడి కనబడిందని వార్త వస్తే, "దొరికింది" అని నేనూ ఉత్సాహంగా రాశాను. అంతవరకు ఆరోగ్యవంతుల లెక్కలో ఉన్న ఇద్దరు జబ్బుపడటంతోనూ, మరికొందరు బంధువులను పరీక్షలో చేర్చడంతోనూ 1989 నాటికి ఆ ముడి విడిపోయింది. ఆ సంగతి మాత్రం నేను రాయలేదు. రాసి ఉండవలసింది.

వంశపారంపర్యత 80 శాతం అన్న అంకెను మీరు వాడిన తీరు కూడా సరికాదు. అది ఒక జనసమూహంలో మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాను వివరించే కొలత. ఒక రోగి జబ్బులో నూటికి 80 వంతులు తల్లిదండ్రుల నుంచి వచ్చాయని దాని అర్థం కాదు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి స్కిజోఫ్రీనియా వచ్చినా, సగమో అంతకు మించో సందర్భాల్లో రెండోవారికి రాదు. ఇరవై రెండో క్రోమోజోమ్‌లో ఒక ముక్క లోపించడం తెలిసినవాటిలో అతి బలమైన ముప్పుల్లో ఒకటి. అక్కడ కూడా సైకోసిస్ (స్కిజోఫ్రీనియాలోలా వాస్తవంతో సంబంధం తెగే స్థితి) వచ్చేది సుమారు నాలుగో వంతు మందికే. ఇంట్లో రోగి ఉన్న పాఠకుడు ముందుగా వెతికేది ఇలాంటి అంకెనే.

డిప్రెషన్ పేరాలో సెరటోనిన్ అనే మెదడు రసాయనం లోపమే కారణమన్నారు. డిప్రెషన్ మందు సెరటోనిన్‌ను పెంచేది గంటల్లో, మనసు తేరుకునేది వారాల్లో. ఈ ఎడం గురించి మీరు ఒక్క వాక్యం రాసి ఉంటే "లోపమే" లోని ఏకారం దానంతటదే రాలిపోయేది. బైపోలార్‌కు వాడే లిథియం సంగతీ చేర్చండి: 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ దాన్ని ఉన్మాద రోగులకు ఇచ్చి ఫలితం చూశాడు, అది కణంలో ఏయే ఎంజైములను అడ్డుకుంటుందో తర్వాత తెలిసింది కానీ, వాటిలో దేనివల్ల మనసు కుదుటపడుతుందో నేటికీ తేలలేదు.

ఒకచోట "ద్వంద్వ వ్యక్తిత్వం" అన్నారు. అది స్కిజోఫ్రీనియా కాదు కనుక కొట్టేశాను. జన్యుచికిత్స త్వరలో వస్తుందన్న చివరి పేరా మీరే తీసేయండి. సీ4 భాగాన్ని పెంచి, మొదటి వాక్యాన్ని తిరగరాసి మళ్లీ పంపండి.

ఆశీస్సులతో.